నాన్నగారి పేరు మీద 42 కిలోమీటర్లు: ఆబ్దికం నాడు వద్దు, వచ్చే జనవరిలో పరుగెత్తండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు మద్రాస్ రెజిమెంట్‌లో 17 ఏళ్లు పనిచేసి నాయక్‌గా విరమించారు. గత వైశాఖంలో 58 ఏళ్లకే గుండెపోటుతో కాలం చేశారు. వచ్చే మే నెలలో మొదటి ఆబ్దికం నాడు ఆయన యూనిఫాం వేసుకుని, పతకాలు గుండెకు పెట్టుకుని, చిత్తూరు నుంచి తిరుపతి వైపు జాతీయ రహదారి మీద ఒంటరిగా 42 కిలోమీటర్లు పరుగెత్తాలని మీ కోరిక. మీ వయసు 32. ఇప్పటిదాకా 3 కిలోమీటర్లకు మించి పరుగెత్తలేదు. చేతిలో ఉన్నది మూడున్నర నెలలు. సాధ్యమేనా అని అడిగారు.

నాకు 61 ఏళ్లు, ఉండేది తిరుపతిలోనే. 19 ఏళ్లుగా పరుగెత్తుతున్నాను, 11 పూర్తి మారథాన్లు ముగించాను. మా నాన్నగారు 1963లో మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళంలో, చేరి 1980లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. నా మొదటి మారథాన్ ఆయన పోయిన మరుసటి ఏడాది, మీలాగే, ఆయన పేరు మీద పరుగెత్తాను. కాబట్టి మీ ఆరాటం నాకు తెలుసు. మీరు తప్పకుండా పరుగెత్తాలి. అయితే ఈ మే నెలలో వద్దు. వచ్చే జనవరికి పెట్టుకోండి. కారణాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు గుండె సంగతి. తండ్రి గుండెపోటుతో పోయిన ఇంట్లో కొడుకు పరుగు మొదలుపెట్టే ముందు డాక్టరును కలవాలి. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, కొలెస్ట్రాల్, చక్కెర, రక్తపోటు చూపించుకోండి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు గుండె జబ్బు వస్తే వైద్యులు దాన్ని బలమైన వంశపారంపర్య ముప్పుగా లెక్కిస్తారు. మీ నాన్నగారిది 58 కాబట్టి పరవాలేదని అనుకోవద్దు. ఆయనకు గుండెపోటు వచ్చింది 58లో కావచ్చు, రక్తనాళాల్లో జబ్బు అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలై ఉంటుంది. బీపీ, షుగరు ఎప్పుడు బయటపడ్డాయో అమ్మగారిని అడిగి డాక్టరుకు చెప్పండి. పరీక్షలు బాగున్నా సరే, పరుగులో ఛాతీ బిగిసినట్లున్నా, కళ్లు తిరిగినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా అక్కడే ఆగిపోవాలి. ఆ రోజు ఎంత ముఖ్యమైనదైనా ఆగిపోవాలి. ఏడాది లోపల ఆ ఇంటికి రెండో కష్టం రాకూడదు. అమ్మగారి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి.

రెండోది, ఆబ్దికం నాడు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఆ రోజు మీరు కర్త. ముందు రోజు ఒంటిపూట, ఆ రోజు కార్యం ముగిసేదాకా ఉపవాసం చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే. మారథాన్‌కు ముందు రోజు మాత్రం అన్నం కాస్త ఎక్కువే తినాలి, పరుగు రోజు తెల్లవారుజామున కూడా ఏదో ఒకటి కడుపులో పడాలి. ఈ రెండూ ఒకే శరీరంతో ఒకే రోజు జరిగే పనులు కావు. పైగా ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది. ఇంగ్లీషు తేదీల్లో చూస్తే మామూలు ఏడాదిలో సుమారు 11 రోజులు ముందే వస్తుంది, అధిక మాసం వస్తే ఆలస్యంగా వస్తుంది. మారథాన్లు ఆదివారాల్లో జరుగుతాయి. పితృకార్యాన్ని పితృకార్యంగా నిదానంగా, మనసు పెట్టి చేయండి. పరుగుకు వేరే రోజు పెట్టుకోండి. మీ ఇంట్లో ఏటి సూతకం పాటిస్తూ ఏడాది పాటు కొండ ఎక్కకూడదనే నియమం ఉంటే అలిపిరి మెట్ల మీద సాధన కూడా అప్పటిదాకా వద్దు. పెద్దలను నొప్పించి చేసే పరుగు నాన్నగారికి ఇష్టమవుతుందని నేను అనుకోను.

మూడోది ఎండ. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. కొత్తగా పరుగెత్తేవారికి 42 కిలోమీటర్లకు 5 నుంచి 6 గంటలు పడుతుంది. తెల్లవారి 4కు బయలుదేరినా చివరి రెండు గంటలు ఎండలోనే. వడదెబ్బ తగిలిన శరీరం సంకల్ప బలంతో కోలుకోదు. ఇక లారీలు, బస్సులు తిరిగే రహదారి అంచున ఒంటరిగా, నీళ్లిచ్చేవారు లేకుండా, పడిపోతే చూసేవారు లేకుండా పరుగెత్తడం గురించి నేను వేరే చెప్పక్కరలేదు. జనవరిలో చెన్నైలో, ముంబయిలో పెద్ద మారథాన్లు జరుగుతాయి. రోడ్లు మూసేస్తారు, నీళ్ల కేంద్రాలుంటాయి, అంబులెన్సులుంటాయి. చెన్నై మనకు నాలుగు గంటల లోపు ప్రయాణం, అమ్మగారిని కూడా తీసుకువెళ్లవచ్చు. నన్నడిగితే చెన్నై.

ఇప్పుడు యూనిఫాం, పతకాల విషయం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

యూనిఫాం పెట్టెలోనే ఉండనివ్వండి. సైనికుడని ఎదుటివారు నమ్మాలనే ఉద్దేశంతో సైనికేతరులు ఆ దుస్తులు వేసుకోవడం చట్టరీత్యా నేరం. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, కానీ దారిలో అడిగిన ప్రతివారికీ ఆ సంగతి వివరిస్తూ పరుగెత్తలేరు. ఆ దళసరి గుడ్డ చెమటను పట్టి ఉంచి ఒళ్లు కాల్చేస్తుంది కూడా. ఆయన సంపాదించుకున్న దుస్తులవి. మనం వాటిని ఉతికి, మడిచి, కర్పూరం బిళ్లలు వేసి దాచాలి.

పతకాలు ఇంకా జాగ్రత్త. మన సైన్యం ఇచ్చే పతకం అంచును వెలుతురులో తిప్పి చూడండి. అందుకున్నవారి నంబరు, పేరు ఆ అంచు మీద చెక్కి ఉంటాయి. అది పోతే అలాంటిదే మరొకటి కొనుక్కోవచ్చునేమో గానీ అది ఆయనది కాదు. నా మొదటి మారథాన్‌లో మా నాన్నగారి పూర్వీ స్టార్‌ను బనీనుకు గుచ్చుకుని బయలుదేరాను. 1971 యుద్ధంలో తూర్పు వైపు పనిచేసినవారికి ఇచ్చిన పతకమది. 18వ కిలోమీటరు వచ్చేసరికి పిన్ను రాపిడికి ఛాతీ మీద చర్మం లేచి నెత్తురు వచ్చింది. తీసి పిడికిట్లో పట్టుకున్నాను. అక్కడి నుంచి మిగిలిన 24 కిలోమీటర్లూ నా ధ్యాసంతా అది జారిపోకూడదనే దాని మీదే. ఆయన గురించి ఒక్క నిమిషం కూడా ప్రశాంతంగా తలచుకోలేకపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏం చేయవచ్చో చెబుతాను. చెమట పీల్చని తేలికపాటి బనీను వీపు మీద ఆయన పేరు, హోదా, రెజిమెంట్ పేరు, పనిచేసిన సంవత్సరాలు తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. గుండె మీద కాకుండా వీపునే ఎందుకంటే, మారథాన్‌లో మీ వెనక వచ్చేవారు మీ వీపును చాలాసేపు చూస్తూ పరుగెత్తుతారు. వారు ఆ పేరు చదువుతారు. నా మూడో మారథాన్‌లో ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన వెనక నుంచి వచ్చి నా భుజం తట్టి, తానూ సాపర్‌నేనని చెప్పి, రెండు కిలోమీటర్లు నాతో కలిసి నడిచారు. ఆర్మీ నంబరు మాత్రం ఎక్కడా వేయించవద్దు, అమ్మగారి కుటుంబ పింఛను కాగితాల్లో ఉండే నంబరది. రెజిమెంట్ చిహ్నం కూడా వద్దు, అది వారి సొత్తు. జాతీయ జెండా పట్టుకోవాలని ఉంటే చిన్నది చాలు. ఒంటికి చుట్టుకోవద్దు, నేలకు తగలనివ్వవద్దు, నడుము కింది దుస్తుల్లో వాడవద్దు. జెండా నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. చెయ్యి అలసిపోతే ఇచ్చేందుకు దారిలో మనిషి ఉండాలి.

ఇంతకంటే ముఖ్యమైన పని మరొకటి ఉంది. ఈ 11 నెలల్లో ఆ 17 ఏళ్ల గురించి తెలుసుకోండి. నాన్నగారు ఎక్కడెక్కడ పనిచేశారో సరిగా తెలియదని మీరే రాశారు. చాలా సైనిక కుటుంబాల పరిస్థితి ఇదే. ఇంటికి వచ్చే ఉత్తరం మీద కేరాఫ్ 56 ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) అనో, 99 ఏపీవో అనో ఉంటుంది తప్ప ఊరి పేరు ఉండదు. అయినా అందులో ఒక ఆనవాలుంది: 56 అంటే ఉత్తర, పడమటి సరిహద్దుల వైపు, 99 అంటే తూర్పు, ఈశాన్యం వైపు. పాత ఇన్లాండ్ లెటర్లు అమ్మగారి దగ్గర ఉంటే తేదీల వారీగా పేర్చండి. డిశ్చార్జి బుక్కులో చేరిన తేదీ, విరమించిన తేదీ, పతకాల వివరాలు ఉంటాయి. ఒక్కో పతకం ఒక్కో చోటు గురించి చెబుతుంది. హై ఆల్టిట్యూడ్ మెడల్ ఉంటే ఎత్తైన మంచు కొండల్లో ఉన్నారని అర్థం. అవసరమైతే రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే మీ మండలంలో ఉన్న మాజీ సైనికులను ఎలా కలుసుకోవాలో చెబుతారు. నాన్నగారి బ్యాచ్ వారు ఒక్కరు దొరికినా చాలు, ఇంట్లో ఎవరికీ తెలియని మనిషి మీకు కనిపిస్తారు.

ఇలా ఎందుకు చెబుతున్నానంటే, 42లోంచి 17 తీసేస్తే 25. మొదటి 25 కిలోమీటర్లు మీవి. ఆ తర్వాత ఒక్కో కిలోమీటరూ ఆయన ఉద్యోగంలో ఒక్కో ఏడాది. 26వది వెల్లింగ్టన్ చలిలో శిక్షణ పొందిన ఏడాది. మీరు పుట్టిన ఏడాది ఒక కిలోమీటరు. ఆయన సెలవు దొరక్క ఇంట్లో పెళ్లికి రాలేకపోయిన ఏడాది మరొకటి. ఏ కిలోమీటరు ఏదో తెలియాలంటే ముందు ఆ జీవితం తెలియాలి. నేను దీన్ని నా నాలుగో మారథాన్ నుంచి చేస్తున్నాను. మా నాన్నగారు కూడా 17 ఏళ్లే పనిచేశారు కాబట్టి లెక్క మీకూ నాకూ ఒకటే. 34వ కిలోమీటరు నాకు 1971.

ఈ లెక్కలో శరీర ధర్మం కూడా కలిసి వస్తుంది. పరుగులో కిలోమీటరుకు శరీరం బరువు కిలో ఒక్కింటికి సుమారు 1 కేలరీ ఖర్చవుతుంది. మీరు 70 కిలోలు అనుకుంటే 42 కిలోమీటర్లకు 2,900 దాటుతుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండి పదార్థపు శక్తి 2,000 కేలరీల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే 30వ కిలోమీటరు దగ్గర కాళ్లు ఒక్కసారిగా బరువెక్కుతాయి, ఏడుపు వస్తుంది, ఇక చాలనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషికి అది మరీ ఎక్కువ. అప్పుడు తలచుకోవడానికి ఒక సంవత్సరం, ఒక చోటు, ఒక సంఘటన ఉండాలి. ఉత్త భావావేశం అక్కడిదాకా రాదు. నేను మొదటిసారి ఆవేశంతో మొదటి 10 కిలోమీటర్లు వేగంగా వెళ్లి 31 దగ్గర పిక్కలు పట్టేసి మిగతాదంతా నడిచాను. మీరు మొదటి 10 మరీ నెమ్మదిగా వెళ్తున్నామేమో అనిపించేంత నెమ్మదిగా వెళ్లండి.

దారిలో తినాల్సిందే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం కావాలి. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఖర్జూరాలు, బెల్లం ముక్క కూడా పనికొస్తాయి. బెల్లం మన చిత్తూరు వైపు సరుకే, కడుపుకు అలవాటైనదే. వేరుశెనగ చిక్కీ పరుగు ముగిశాక తినండి, నూనె ఉన్నది పరుగులో అరగదు. ముందు రాత్రి రాగి సంగటి వద్దు, పీచు ఎక్కువ. తెల్ల అన్నం, పెరుగు చాలు. ఉత్త నీళ్లు అదే పనిగా తాగడం ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోయి స్పృహ తప్పినవారున్నారు. దాహాన్ని బట్టి తాగండి, మధ్యమధ్య ఓఆర్ఎస్ తీసుకోండి, ఒక ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అసలే వద్దు, మూత్రపిండాలకు చేటు.

సాధన సంగతి క్లుప్తంగా చెబుతాను. డాక్టరు సరేనన్నాక మే వరకు వారానికి నాలుగు రోజులు నడక, పరుగు కలిపి 30 నుంచి 40 నిమిషాలు, ఎండ ఎక్కకముందే. జూలై చివరికి ఆగకుండా 10 కిలోమీటర్లు. సెప్టెంబరు చివరికి 21. అక్కడి నుంచి ఆదివారం దూరాన్ని 24, 27, 30గా పెంచుకుంటూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తూ, అసలు పరుగుకు మూడు వారాల ముందు చివరి పెద్ద దూరం. పక్కనున్నవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం దాటవద్దు. రోజూ రెండు విడతలు గుంజీళ్లు తీయండి, తొడలకు అంతకు మించిన వ్యాయామం ఖర్చు లేకుండా దొరకదు.

చోటు విషయానికి వస్తే, వారం మధ్యలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం రోడ్లు బాగుంటాయి. ఆదివారం అలిపిరి, చెర్లోపల్లి మీదుగా శ్రీనివాసమంగాపురం వైపు వెళ్లి రావచ్చు, ఒకవైపు సుమారు 12 కిలోమీటర్లు. అది అడవి అంచు. చిరుతలు తిరుగుతాయి. 2023లో అలిపిరి నడకదారిలో ఒక పసిబిడ్డను పోగొట్టుకున్నాం. కాబట్టి చీకట్లో ఒంటరిగా ఎప్పుడూ వద్దు, కనీసం నలుగురితో వెళ్లండి. ఘాట్ రోడ్డు మీద పరుగు వద్దు. అలిపిరి 3,550 మెట్లు మీ నియమం అనుమతించాక నెలకోసారి ఎక్కండి, కానీ గడియారం పెట్టుకుని కాదు. మోకాళ్ల పర్వతం దగ్గర ముసలివాళ్లు మోకాళ్ల మీద మొక్కు తీర్చుకుంటుంటారు. వారి మధ్యలోంచి తోసుకుని పరుగెత్తేవారిని చూస్తే నాకు మనసు నొచ్చుకుంటుంది. దిగేటప్పుడు పరుగు మరీ వద్దు, మోకాళ్లు పాడయ్యేది అక్కడే.

మీ పెద్ద దూరాలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. మనకు ఈశాన్య రుతుపవనాల వర్షాలు అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాన పడినా ఉరుములు లేకపోతే నేను వెళ్తాను. అప్పుడు కాపాడుకోవాల్సింది పాదాలను.

పాదాల గురించి మా నాన్నగారు చెప్పినంత ఏ శిక్షకుడూ నాకు చెప్పలేదు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు రోజూ సాయంత్రం మమ్మల్ని అరుగు మీద వరసగా కూర్చోబెట్టి పాదాలు చూసేవారు. వేళ్ల సందులు తుడిచి, గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించి, ఎక్కడైనా ఎర్రబడితే వేలితో నొక్కి చూసేవారు. దూరం నడిచే సైనికుడికి పాదాల తనిఖీ రోజువారీ పని, తుపాకీ శుభ్రం చేసుకోవడం లాంటిదే. బొబ్బ వచ్చాక చేసే వైద్యం కన్నా ఎర్రబడినప్పుడే వేసే పట్టీ మేలని ఆయన మాట. నూలు మేజోళ్లు చెమట పట్టి ఉంచుతాయి కాబట్టి కృత్రిమ నూలువి కొనండి. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పరుగు రోజు కొత్త బూట్లు వద్దు. మీ నాన్నగారు కూడా మీ పాదాలు చూసేవారేమో ఒకసారి గుర్తు చేసుకోండి, అమ్మగారిని అడగండి.

విరాళాల గురించి కూడా అడిగారు. మీ సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వవద్దు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నారు. ఆ నిధి యుద్ధంలో గాయపడినవారికి, సైనికుల వితంతువులకు, వారి పిల్లలకు ఉపయోగపడుతుంది. ఇవ్వదలచినవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నేరుగా ఆ నిధికే ఇచ్చి రసీదు తీసుకోమనండి. మీ పరుగు జనవరిలో కాబట్టి డిసెంబరు 7న మొదలుపెడితే సరిపోతుంది. తెలిసినవారికి ఒక్కసారి చెప్పండి, రెండోసారి అడగవద్దు.

సరే నాయనా, ప్రస్తుతానికి ఇంతే. ఈసీజీ, ట్రెడ్‌మిల్ ఫలితాలు వచ్చేదాకా నడక మాత్రమే, రోజుకు 40 నిమిషాలు. ఫలితాలు వచ్చాక డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయండి. మే నెలలో ఆబ్దికం ముగిశాక మరోసారి రాయండి: వారానికి ఎన్ని కిలోమీటర్లు, రాత్రి ఎన్ని గంటల నిద్ర, పాదాల్లో ఎక్కడైనా రాపిడి ఉందా. ఆ 17 ఏళ్లలో ఎన్ని ఏళ్ల లెక్క దొరికిందో కూడా రాయండి. జూన్ నుంచి ఆదివారాలు ఉదయం 5కు మేం ఐదారుగురం విశ్వవిద్యాలయం దగ్గర కలుస్తాం. మొదటి 10 కిలోమీటర్లు మీతో నేను వస్తాను.